నూటికి నూరు శాతం అనే అంకె వెనుక: ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ నుంచి హెచ్‌ఆర్‌కు ఏం కావాలి

సభలోని పెద్దలకు, సాటి హెచ్‌ఆర్ ఉద్యోగులకు, ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే మిత్రులకు నమస్కారం.

ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ నుంచి మానవ వనరుల విభాగం ఏం కోరుకుంటుందో చెప్పమని నన్ను అడిగారు. మేం కోరుకున్నది ఒకటి, మాకు అవసరమైనది మరొకటి అని తెలుసుకోవడానికి నా ఉద్యోగ జీవితంలో సగం గడిచిపోయింది కనుక, ఆ రెండింటినీ విడదీసి చెప్పే ప్రయత్నం చేస్తాను. మేం కోరుకున్నది, శిక్షణ నూటికి నూరు శాతం పూర్తయిందని చెప్పే రిపోర్టు. మాకు అవసరమైనది, ఎవరికి ఏ విషయం తెలియదో చెప్పే రిపోర్టు. మొదటిది ప్రతి నెలా ఒకటో తేదీకల్లా నా బల్ల మీద ఉండేది. రెండోదాన్ని అడగాలని కూడా నాకు చాలాకాలం తోచలేదు.

నేను పనిచేసింది మందుల తయారీ రంగంలో. అందువల్ల నా ఉదాహరణలన్నీ జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ, అచ్యుతాపురం వంటి చోట్ల ఉండే ఫ్యాక్టరీల వాతావరణంలోవే. ఈ రంగంలో శిక్షణ అన్నది హెచ్‌ఆర్ తీరిక ఉన్నప్పుడు చేసే పని కాదు. అమెరికాకు మందులు పంపే ప్రతి ఫ్యాక్టరీకి వర్తించే అక్కడి నిబంధనల్లో 211.25 అనే అంశం ఒకటి ఉంది. తయారీలో పాలుపంచుకునే ప్రతి వ్యక్తికి తాను చేసే పనిలోనే శిక్షణ ఉండాలని, ఆ శిక్షణ ఒకసారితో ఆగిపోకుండా తగినన్నిసార్లు జరుగుతూ ఉండాలని అది చెబుతుంది. మన దేశంలో కూడా మందుల తయారీ ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ ఎం నిబంధనలను 2023 డిసెంబరులో సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. ఆడిటర్ వచ్చి ఒక ఆపరేటర్ పేరు చెప్పి, అతని శిక్షణ రికార్డు తెమ్మంటే పది నిమిషాల్లో తేవాలి. ఆ భయంలోంచే మా నూరు శాతం రిపోర్టు పుట్టింది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. తప్పులో పెద్ద వాటా నాది. మర్నాడు ఉదయం ఆడిటర్లు వస్తున్నారు. సవరించిన ఎస్‌ఓపీ (ఒక పనిని ఎలా చేయాలో చెప్పే రాతపూర్వక విధానం) మీద అందరి శిక్షణ ఆ రాత్రికే పూర్తి కావాలని సాయంత్రం ఐదు గంటలకు మెయిల్ పంపినవాణ్ణి నేనే. ప్యాకింగ్ హాలు బయట వరండాలో ఒకే ఒక కంప్యూటర్ ఉంది. లైన్ ఆపితే ఉత్పత్తి పోతుంది, ఆపకపోతే శిక్షణ మిగిలిపోతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి తనకు తోచిన దారి చూసుకున్నాడు. పదకొండు మంది ఐడీలు, పాస్‌వర్డులు ఒక అట్టముక్క మీద వరుసగా రాసుకుని, ఒక్కొక్కరి పేరుతో లాగిన్ అయి, తెరలు తిప్పి, చివరి పరీక్ష తానే రాసి, సర్టిఫికెట్ రాగానే ఆ పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాడు. ఆ పదకొండుమందీ లోపల లైన్ మీదే ఉన్నారు. నెల తర్వాత వేరే పని మీద లాగిన్ల వివరాలు చూస్తుంటే ఆ వరుస నా కంటబడింది: ఒకే కంప్యూటర్, అర్ధరాత్రి 12.40 నుంచి మనిషికి నాలుగు నిమిషాల చొప్పున పదకొండు మంది. నా రిపోర్టులో ఆ షిఫ్టు పచ్చరంగులో మెరిసిపోతూ ఉంది.

ఆ ఇన్‌చార్జిని తప్పుపట్టడం తేలిక. రికార్డు ఎవరిదో వారే చేసి ఉండాలన్నది మా రంగంలో మొట్టమొదటి సూత్రం, అతను దాన్ని మీరాడు. అయితే నేను అడిగిందే అతను ఇచ్చాడు. పూర్తయినవారి సంఖ్య అడిగాను, పూర్తయినవారి సంఖ్య వచ్చింది. లైన్ క్లియరెన్స్, అంటే కొత్త బ్యాచ్‌కు ముందు లైన్‌ను పూర్తిగా ఖాళీ చేయడం, ఆ పదకొండు మందిలో ఎందరికి సరిగ్గా రాదని నేను అడిగి ఉంటే, అతను వేరే కంప్యూటరూ వేరే సమయమూ వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇక్కడ కోర్సులు తయారుచేసే మిత్రులతో కొంచెం సాంకేతికమైన మాట మాట్లాడాలి, మిగతావారు ఓపిక పట్టాలి. మనం కొనే కోర్సుల్లో చాలావరకు స్కార్మ్ అనే ప్రమాణంలో తయారవుతాయి. అమెరికా రక్షణ శాఖ చొరవతో వచ్చిన ఈ ప్రమాణంలో 2001 నాటి 1.2 రూపం ఇప్పటికీ విస్తృతంగా నడుస్తోంది. అందులో ఒక ఉద్యోగి చదువు గురించి కోర్సు మన ఎల్‌ఎంఎస్‌కు (శిక్షణను నడిపి, రికార్డు ఉంచే సాఫ్ట్‌వేర్‌కు) చెప్పగలిగే స్థితి ఆరు మాటల్లో ఏదో ఒకటి: పాసయ్యాడు, ఫెయిలయ్యాడు, పూర్తి చేశాడు, సగంలో ఉన్నాడు, ఊరికే తిరగేశాడు, అసలు మొదలుపెట్టలేదు. దీనికి తోడు మార్కులు, గడిపిన సమయం. ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకోవడానికి కేటాయించిన జాగా 4,096 అక్షరాలు. ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఒకటుంది. ఏ ప్రశ్నకు ఏ జవాబు ఇచ్చాడన్న సమాచారం పంపే ఏర్పాటు ప్రమాణంలో ఉంది గానీ, దాన్ని అందుకుని దాచాలా వద్దా అన్నది ఎల్‌ఎంఎస్ తయారీదారు ఇష్టానికి వదిలేశారు. అంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన వివరం ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఎనభై మార్కులతో పాసైన ఆపరేటర్ పోగొట్టుకున్న ఇరవై మార్కులు ఏ ప్రశ్నవి? హెయిర్ నెట్ గురించి అడిగిన ప్రశ్నవా, పాత బ్యాచ్ లేబుళ్లు లైన్ మీద మిగిలిపోతే ఏం చేయాలన్న ప్రశ్నవా? మొదటిదైతే రేపు చెప్పుకోవచ్చు. రెండోదైతే ఒక మందు పెట్టెలో వేరే మందు వెళ్లిపోతుంది.

2013లో వచ్చిన ఎక్స్-ఏపీఐ అనే మరో ప్రమాణం ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది. ఎవరు, ఏం చేశారు, దేని మీద చేశారు అనే మూడు ముక్కల వాక్యంగా ప్రతి సంఘటననూ రాసుకునే పద్ధతి అది. సూపర్‌వైజర్ లైన్ పక్కన నిలబడి, ఆపరేటర్ చేతులారా చేసి చూపించిన పనిని ట్యాబ్‌లో టిక్కు పెట్టినా అది అదే ఖాతాలో చేరుతుంది. అయితే పరికరం మారినంత మాత్రాన కొనేవాడి బుద్ధి మారదు. డెమో ఇవ్వడానికి వచ్చే అమ్మకందారులు మొదట తెరిచేది ఆ పచ్చరంగు తెరే, ఎందుకంటే మేం చూసి తల ఊపేది దానికే. ఈమధ్య నేను డెమోల్లో ముందుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను: ఈ కోర్సు పాసైనవారిలో ఏడో ప్రశ్న తప్పినవాళ్లు ఎవరో ఇప్పుడే చూపించగలరా? ఈ ప్రశ్నకు ఎదురయ్యే మౌనం నాకు బాగా అలవాటైపోయింది.

భాష విషయం దగ్గర కాస్త ఆగాలి. మా ఎస్‌ఓపీలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. పనిచేసేవారిలో ఐటీఐ చదివినవారు, ఇంటర్ దగ్గర ఆపినవారు ఉంటారు. ఒకసారి ఉత్సాహంగా కోర్సులన్నింటినీ తెలుగులోకి మార్పించాం. కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు పాత బ్యాచ్ తాలూకు మాత్ర ఒక్కటి కూడా, లేబుల్ ఒక్కటి కూడా, అట్టపెట్టె ఒక్కటి కూడా లైన్ మీద మిగలకుండా తీసేసి, క్వాలిటీ వాళ్లకు చూపించి సంతకం తీసుకోవడాన్ని లైన్ క్లియరెన్స్ అంటాం. తెలుగు కోర్సులో అది 'పంక్తి అనుమతి' అయి కూర్చుంది. అది చదివిన ప్యాకింగ్ ఆపరేటర్ ఒకాయన నన్ను చూసి, "ఇదేంటి సార్, రేషన్ షాపు దగ్గర క్యూనా?" అన్నాడు. అదే కోర్సులో గ్లౌజులు 'కరకవచాలు' అయ్యాయి, బ్యాచ్ రికార్డు 'సమూహ పత్రం' అయింది. మక్కీకి మక్కీగా మార్చిన ఆ తెలుగు కన్నా ఇంగ్లిష్ ఎస్‌ఓపీయే నయం అనిపించింది వాళ్లకు, ఎందుకంటే అందులో కనీసం వాళ్లు రోజూ నోటితో పలికే మాటలు ఉన్నాయి.

తర్వాత దాన్ని పక్కన పెట్టి, ఆ లైన్ మీదే పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న సీనియర్ ఆపరేటర్‌ను బతిమాలి, అతను కొత్తవాడికి ఎలా చెబుతాడో అలాగే చెప్పించి రికార్డు చేశాం. "బెల్టు కింద చెయ్యి పెట్టి చూడు, కంటికి కనపడదు, చేతికి తగులుతుంది" అన్నాడు. ఏ ఎస్‌ఓపీలోనూ ఆ వాక్యం లేదు. క్వాలిటీ విభాగం దాన్ని ఒప్పుకోవడానికి మూడు వారాలు తీసుకుంది, అది వేరే కథ. ఆ ముప్పై సెకన్ల ముక్కను జనం మళ్లీ మళ్లీ పెట్టుకుని చూశారు.

తెలుగుతో పని పూర్తి కాదు. మా ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు గణనీయంగా ఉన్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో చనిపోయినవారిలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు ఎంతమంది ఉన్నారో మనమంతా పత్రికల్లో చదివాం. ఆ ప్రమాద కారణాల జోలికి నేను పోను, అది విచారణ చేసేవారి పని. నేను చెప్పేది మన పని గురించి: అలారం మోగితే ఎటు పరుగెత్తాలో ఒడియా మాట్లాడే మనిషికి తెలుగు కోర్సులో చెప్పి, అతను పాసయ్యాడని రాసుకుంటే ఆ రికార్డు ఆడిటర్‌కు పనికొస్తుందేమో గానీ ఆ మనిషికి పనికిరాదు.

ఈ మనుషుల దగ్గరే మరో చిక్కు ఉంది. మన ఎల్‌ఎంఎస్‌లు చాలావరకు మెయిల్ ఐడీ ఉన్న ఉద్యోగిని ఊహించుకుని తయారయ్యాయి. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కార్మికుడికి కంపెనీ మెయిల్ ఉండదు, కొన్నిచోట్ల ఉద్యోగి నంబరు కూడా ఉండదు. అందుకే కాంట్రాక్టర్ పేరు మీద ఒకే ఐడీ సృష్టించి, దానిమీదే నలభై మందికి శిక్షణ ఇచ్చినట్టు రాసుకునే అలవాటు పుట్టింది. ఏడాది తిరిగేసరికి కాంట్రాక్టర్ మారతాడు. అదే మనిషి, అదే యంత్రం దగ్గర, కొత్త కాంట్రాక్టర్ పేరుతో నిలబడితే మా రికార్డులో అతను నిన్న పుట్టిన శిశువు. భవిష్యనిధి ఖాతాకు ఇచ్చే పన్నెండు అంకెల యూఏఎన్ నంబరు కాంట్రాక్టర్ మారినా మారదు. దాన్నే తాళంచెవిగా వాడి, గేటు దగ్గర హాజరు వేసే యంత్రంతో శిక్షణ ఖాతాను కలిపితే సమస్యలో పెద్దభాగం తీరుతుందని నా అనుభవం. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌కూ శిక్షణ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఈ కలయిక లేకపోతే ప్యాకింగ్ నుంచి గ్రాన్యులేషన్‌కు (మందు పొడిని రేణువులుగా మార్చే పనికి) మారినవాడికి నెల దాటాక కూడా ప్యాకింగ్ కోర్సులే వస్తుంటాయి, గ్రాన్యులేషన్ పనిని అతను పక్కవాణ్ణి చూసి నేర్చుకుంటుంటాడు.

శిక్షణకు సమయం ఎవరిదన్న ప్రశ్నను చాలామంది దాటవేస్తారు. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు 111ఎ అనే సెక్షన్ చేరింది. పనిలో తన ఆరోగ్యానికీ భద్రతకూ సంబంధించిన సమాచారం తెలుసుకోవడం, వీలైనంతవరకు ఫ్యాక్టరీలోనే శిక్షణ పొందడం కార్మికుడి హక్కు అని అది చెప్పింది. అలాంటిది, ఉత్పత్తి ఆగకూడదని కోర్సును అతని సొంత ఫోన్‌లోకి పంపి, ఇంటికి పోయే కంపెనీ బస్సులో చూసుకోమంటున్నాం. షిఫ్టులోకి వెళ్లేటప్పుడు ఆ ఫోన్‌ను గేటు దగ్గర మనమే తీసి పెట్టుకుంటాం కూడా.

లైంగిక వేధింపుల నివారణ చట్టం విషయానికి వస్తాను. 2013లో వచ్చిన ఈ చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి, ఉద్యోగులకు క్రమం తప్పకుండా అవగాహన కార్యక్రమాలు జరపాలి. ఏటా ఇచ్చే నివేదికలో ఎన్ని కార్యక్రమాలు జరిపామో రాయాలి. నియమమే సంఖ్య అడుగుతోంది కనుక హెచ్‌ఆర్ సంఖ్య ఇస్తోంది. ఎక్కడో తయారైన నలభై నిమిషాల కోర్సు కొంటాం, అందులో చక్కటి ఆఫీసు, చక్కటి నటులు ఉంటారు, అందరూ చూస్తారు, సర్టిఫికెట్లు వస్తాయి. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో భోజనాల వేళ ఒక మహిళా ఆపరేటర్‌ను అడిగాను, "నీకు ఏదైనా ఇబ్బంది వస్తే ఫిర్యాదు ఎవరికి ఇస్తావమ్మా?" అని. ఆమె ఒక్కక్షణం ఆలోచించి, "ఆ వీడియోలో ఉన్న మేడమ్‌కి, సార్" అంది. ఆమె కోర్సులో తొంభై మార్కులు తెచ్చుకున్న మనిషి. మా కమిటీ అధ్యక్షురాలు పై అంతస్తులోనే కూర్చుంటారు, ఆమె పేరు గానీ, గది గానీ, ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలన్న గడువు గానీ ఈ అమ్మాయికి తెలియదు. గడువు సంగతి కోర్సులో ఉంది. అధ్యక్షురాలి పేరు ఉండే అవకాశమే లేదు. కొన్న కోర్సు ఏదైనా సరే, మన యూనిట్ వివరాలు మనమే చేర్చుకునే జాగా అందులో ఉండాలని అప్పటినుంచి కొనుగోలు పత్రంలో మొదటి షరతుగా రాస్తున్నాను.

ఇక పరీక్ష పెట్టే సమయం. కోర్సు ముగిసిన మరుక్షణం పరీక్ష పెడితే అందరూ పాసవుతారు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు, మరికొందరు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారే మెరుగ్గా చెప్పారు. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవారు ముందున్నారు. మా నెలవారీ రిపోర్టు కొలుస్తున్నది ఆ ఐదు నిమిషాల జ్ఞాపకాన్నే. అందుకని ఒక యూనిట్‌లో చిన్న మార్పు చేశాం. కోర్సు నిడివి సగానికి తగ్గించి, మూడో రోజున ఒక ప్రశ్న, మూడో వారంలో ఒక ప్రశ్న, షిఫ్టు మారేటప్పుడు జరిగే పది నిమిషాల సమావేశంలో ట్యాబ్ చేతికిచ్చి అడగడం మొదలుపెట్టాం. మనిషికి నిమిషం పట్టేది.

మొదటి నెల ఫలితాలు ఘోరంగా వచ్చాయి. నూరు శాతం అంకెకు అలవాటుపడిన ప్లాంట్ హెడ్ నన్ను పిలిచి, "ఇంతకుముందు బాగానే ఉండేది కదా, మీరేదో చేసి చెడగొట్టారు" అన్నారు. దానికన్నా పెద్ద ప్రమాదం రెండో నెలలో వచ్చింది. జవాబులు తప్పినవారి జాబితాను ఒక విభాగాధిపతి ఇంక్రిమెంట్ల సమావేశానికి పట్టుకొచ్చారు. ఆ కబురు బయటికి పొక్కిన మూడో రోజుకల్లా అందరి జవాబులూ సరిగ్గా రావడం మొదలైంది, ఎలా వస్తున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టముక్క మళ్లీ పుట్టింది.

తెలియదని చెప్పినందుకు జీతం కోసేచోట తెలియదని ఎవరూ చెప్పరు. ఆన్‌లైన్ శిక్షణ నుంచి హెచ్‌ఆర్‌కు కావలసిన వాటిలో ఇది సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఇవ్వగలిగింది కాదు, హెచ్‌ఆర్ తనకు తాను విధించుకోవలసిన హద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాల కోసం ఉద్యోగి డేటాను వాడుకోవడానికి యజమానికి ఒక వెసులుబాటు ఇచ్చింది. చట్టం దారి ఇచ్చింది కదా అని ప్రతి తప్పు జవాబునూ అప్రైజల్ దాకా లాక్కెళ్లడం తెలివితక్కువ పని. మేం చివరికి ఒక పేజీ కాగితం రాసి నోటీసు బోర్డులో పెట్టాం: ఈ ప్రశ్నల జవాబులు సూపర్‌వైజర్, ట్రైనర్ తప్ప ఎవరూ చూడరు, జీతానికీ ప్రమోషన్‌కూ వీటితో సంబంధం లేదు, తొంభై రోజుల తర్వాత పేర్లు తీసేసి ప్రశ్నల లెక్క మాత్రమే ఉంచుతాం. ఆడిట్‌కు అవసరమైన అర్హత పరీక్ష రికార్డు వేరు, అది నిబంధన ప్రకారం పేరుతోనే ఉంటుంది. ఈ రెండింటినీ వేరు చేసి చూపగలిగే ఎల్‌ఎంఎస్ దొరకడానికి మాకు ఆరు నెలలు పట్టింది. కాగితం చూసి జనం వెంటనే నమ్మలేదు. ఇంక్రిమెంట్ల నెల గడిచి, ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాకే తప్పు జవాబులు మళ్లీ రావడం మొదలైంది. తప్పు జవాబులు చూసి సంతోషించిన హెచ్‌ఆర్ మనిషి నేనొక్కణ్ణేనేమో.

అలా వచ్చినవాటిలో ఒకదాని గురించి చెప్పి ముగిస్తాను. కడిగిన యంత్రాన్ని ఎన్ని గంటల్లోగా వాడాలి, ఆ గడువు దాటితే మళ్లీ కడగాలి అన్నదానికి ప్రతి యంత్రానికీ ఒక లెక్క ఉంటుంది. టాబ్లెట్లు అచ్చువేసే యంత్రానికి పాత ఎస్‌ఓపీలో 72 గంటలు ఉండేది, సవరణలో దాన్ని 48కి తగ్గించారు. అందరూ కోర్సు చూశారు, అందరూ పాసయ్యారు. మూడో వారం ప్రశ్నలో రాత్రి షిఫ్టు పదిహేడు మందిలో పద్నాలుగు మంది 72 అని కొట్టారు. పగటి షిఫ్టులో తప్పినవారు ఇద్దరే. రాత్రి షిఫ్టువారికి మళ్లీ శిక్షణ ఇవ్వాలని మెయిల్ రాయడానికి కూర్చున్నాను, అలవాటు అంత తేలిగ్గా పోదు. మా ట్రైనర్ అమ్మాయి మాత్రం, "సార్, పద్నాలుగు మందీ ఒకే తప్పు ఎందుకు చేస్తారు, ఒకసారి వెళ్లి చూద్దాం" అని నన్ను రాత్రి పదకొండు గంటలకు ప్లాంట్‌కు తీసుకెళ్లింది.

పగలు ఆ గదిలో తలుపు తెరిచి ఉంటుంది. రాత్రి ఏసీ కోసం మూస్తారు. మూసిన తలుపు వెనుక, ఆపరేటర్ కళ్లకు సరిగ్గా ఎదురుగా, ఎవరో ఎప్పుడో చేత్తో రాసి టేపుతో అంటించిన కాగితం ఉంది. దానిమీద పెద్ద అక్షరాలతో 72 గంటలు అని ఉంది. అలాంటి కాగితం అక్కడ ఉండటమే మా రంగంలో ఒక పెద్ద లోపం, ఎన్నో ఆడిట్లు దాన్ని దాటి వెళ్లాయి, ఎందుకంటే ఆడిటర్లు పగలు వస్తారు. ఆ రాత్రే క్వాలిటీ వాళ్లను పిలిచి కాగితం తీయించి, లోపాన్ని రాతలో నమోదు చేయించి, గత కొన్ని నెలల యంత్రం లాగ్‌బుక్కులు ఒక్కొక్కటీ తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టాం. రాయబోయిన మెయిల్‌ను నేను పంపలేదు.